ఆధునిక భౌతికశాస్త్రం మన తాత్విక దృష్టిలో ఏం మార్చింది, ఏం మార్చలేదు

ప్రశ్న క్లుప్తంగా ఇది: సాపేక్ష సిద్ధాంతం, క్వాంటం సిద్ధాంతం వచ్చాక ప్రపంచాన్ని గురించిన మన తాత్విక అవగాహన నిజంగా మారిందా? “అంతా సాపేక్షమే”, “కాలం ఒక భ్రమ”, “చూసేవాడే వాస్తవాన్ని సృష్టిస్తాడు” అని తరచూ వింటుంటాం. వీటిలో నిలబడేది ఎంత?

మారింది, చాలా లోతుగానే మారింది. అయితే ఆ మార్పు ఈ మూడు మాటల్లో లేదు. భౌతికశాస్త్రం “ప్రపంచం ఫలానా విధంగా ఉంది, ఇక నమ్మండి” అని ఒక తత్వాన్ని తెచ్చి మన చేతిలో పెట్టదు. ఇంతకాలం మనం కలిపి నమ్ముతూ వచ్చిన మూడు నాలుగు సంగతులు ఒకదానితో ఒకటి పొసగవని తేల్చి చెబుతుంది. వాటిలో దేన్ని వదులుకోవాలన్నది మాత్రం మనకే వదిలేస్తుంది. ఏది వదిలినా ఏదో ఒక మూల్యం చెల్లించాలి. ఆ మూల్యాల లెక్క చూడడమే ఇక్కడ తత్వశాస్త్రం చేయాల్సిన పని.

కాబట్టి ఇలాంటి మాట ఏది విన్నా ముందు దాన్ని మూడుగా విడదీయండి: కొలిచి చూసినది ఏమిటి, దాన్ని వర్ణించే సమీకరణం ఏమిటి, ఆ సమీకరణానికి ఎవరో ఇచ్చిన అర్థం ఏమిటి. మొదటి రెండింటి దగ్గర శాస్త్రజ్ఞుల మధ్య పేచీ దాదాపు ఉండదు. మూడోదాన్ని మొదటిదానిలా చెప్పేసినప్పుడే పొరపాట్లు పుడతాయి.

సాపేక్షతతో మొదలుపెడదాం. “అంతా సాపేక్షమే” అనేది సిద్ధాంతం పేరు తెచ్చిపెట్టిన అపార్థం. 1905లో ఐన్‌స్టీన్ కట్టిన నిర్మాణమంతా మారనిదాని మీద నిలిచింది: ఎవరు కొలిచినా శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లే. అది మారకూడదంటే మరేదో మారక తప్పదు. దూరాలు, వ్యవధులు కొలిచేవారి గమనాన్ని బట్టి మారతాయి. కానీ ఆ రెంటినీ కలిపి లెక్కకట్టే దేశకాల అంతరం (దేశం అంటే ఇక్కడ స్థలం) అందరికీ ఒకటే. 1908లో మింకోవ్‌స్కీ చూపించింది ఇదే. నీతి, సత్యం మనిషిని బట్టి మారతాయని వాదించదలచినవారికి ఇక్కడ ఏ ఆసరా దొరకదు.

మ్యుయాన్ల లెక్క ఒకసారి చేసి చూస్తే ఈ సంగతి చేతికి అందుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో సుమారు 15 కి.మీ. ఎత్తున మ్యుయాన్లు పుడతాయి. ఇవి ఎలక్ట్రాన్ల లాంటివే కానీ బరువైన, త్వరగా క్షయించిపోయే కణాలు. నిశ్చలంగా ఉన్న మ్యుయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. దాదాపు కాంతి వేగంతో పరుగెత్తినా ఆ కాస్తలో పోగలిగేది 660 మీటర్లు. 15 కి.మీ. దాటాలంటే అలాంటి ఆయుష్షులు 23 కావాలి. ఆ లెక్కన వెయ్యి కోట్ల మ్యుయాన్లు బయలుదేరితే నేలకు చేరేది ఒక్కటి. నిజానికి సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నిమిషానికి సుమారు ఒకటి పడుతూనే ఉంటుంది. నేల మీద ఉన్న మనం “మ్యుయాన్ గడియారం నెమ్మదిగా నడిచింది” అంటాం. మ్యుయాన్ వైపు నుంచి చూస్తే దాని గడియారం మామూలుగానే ఉంది, వాతావరణమే కొన్ని వందల మీటర్ల మందానికి కుంచించుకుపోయింది. వర్ణనలు రెండు, సంఘటన ఒకటే: మ్యుయాన్ నేలను తాకింది. ఆ విషయంలో ఇద్దరికీ తేడా రాదు, రాకూడదు. ఎవరి కొలతలోనైనా మారకుండా నిలిచేదే ప్రపంచానికి చెందినది, మిగతాది మనం నిలబడిన చోటునుంచి తీసిన వర్ణన. “వస్తుగతం” అనే పాత మాటకు ఇంత కచ్చితమైన నిర్వచనం అంతకుముందు లేదు.

సాపేక్షత నిజంగా ఊడబెరికింది వేరే ఉంది. అది “ఇప్పుడు” అనే మాట.

ఇద్దరు ఎదురెదురుగా నడుస్తూ ఒకరినొకరు దాటుతున్నారు. ఒకరు ఆండ్రోమెడా గెలాక్సీ వైపు, మరొకరు దానికి పెడగా. దాటే క్షణంలో “ఆండ్రోమెడాలో ఇప్పుడు ఏం జరుగుతోంది?” అని ఇద్దరినీ అడిగితే, సిద్ధాంతం ప్రకారం ఇద్దరి “ఇప్పుడు”లూ ఒకటి కావు. తేడా ఎంతో కట్టడం తేలిక: వేగాన్ని దూరంతో గుణించి, కాంతి వేగపు వర్గంతో భాగించాలి. నడక సెకనుకు 1.4 మీటర్లు, దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. నడిచేవారికీ నేల మీద నిలుచున్నవారికీ మధ్య తేడా నాలుగు రోజుల పైచిలుకు వస్తుంది. ఎదురెదురుగా నడిచే ఆ ఇద్దరి మధ్యా దానికి రెట్టింపు, ఎనిమిది రోజులకు పైనే. ఇక్కడ చాలామంది తప్పు దారి పడతారు. ఒకరికి ఆండ్రోమెడా భవిష్యత్తు కనిపిస్తుందని అనుకుంటారు. ఎవరికీ ఏమీ కనిపించదు, అక్కడి కాంతి మన దాకా రావడానికే 25 లక్షల ఏళ్లు పడుతుంది. తేడా చూపులో లేదు, దేశకాలాన్ని “ఒకే సమయం” అనే పలకలుగా కోసే తీరులో ఉంది. ఆ కోత ఇలాగే ఉండాలని ప్రకృతి నియమాల్లో ఎక్కడా రాసి లేదు.

ఇది తత్వంలో ఒక గట్టి ఇబ్బంది. వర్తమానమే ఉన్నది, గతం అయిపోయింది, భవిష్యత్తు ఇంకా పుట్టలేదు అని మనమంతా సహజంగా నమ్ముతాం. వర్తమానమే ఉన్నదైతే, ఎవరి వర్తమానం? 1966లో రీట్‌డైక్, 1967లో పట్నమ్ ఈ ప్రశ్నతోనే భూత భవిష్యత్ వర్తమానాలన్నీ సమానంగా ఉన్నాయని వాదించారు. అయితే ఆ ముగింపు సమీకరణంలోంచి తన్నుకురాలేదు. 1968లో హోవర్డ్ స్టైన్ మరో దారి చూపించాడు: ఒక సంఘటనకు కాంతి ద్వారా వార్త చేరగలిగినంత మేర మాత్రమే దానికి “జరిగిపోయినది” అనుకోవచ్చు, మిగతా విశ్వానికి ఒకే వర్తమానం అంటగట్టనక్కరలేదు. ఇందులోనూ జరగడం అనేది మిగులుతుంది, విశ్వమంతటికీ ఒకే జరగడం మాత్రం మిగలదు. మూడో దారి, ఎవరికీ ఎప్పటికీ తెలియని అసలైన “ఇప్పుడు” ఒకటి దాగి ఉందనడం. ఏ ప్రయోగమూ దాన్ని తప్పనదు. ఏ ప్రయోగానికీ అందనిదాన్ని నమ్మడమే దానికి చెల్లించే మూల్యం.

“మరి విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు అంటారే, అది ఎవరి గడియారం?” అని అడగడం న్యాయమే. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణం ఏ గమనంలో అన్ని దిక్కులా సమానంగా కనిపిస్తుందో, ఆ గమనంలో ఉన్న గడియారం అది. మన సౌరకుటుంబం దానితో పోలిస్తే సెకనుకు సుమారు 370 కి.మీ. వేగంతో కదులుతోంది. కానీ ఇది పదార్థం ఎలా పరుచుకుని ఉందో చెప్పే సంగతి, నియమం కాదు. సాధారణ సాపేక్షతా సమీకరణాలను తృప్తిపరుస్తూనే, విశ్వమంతటికీ ఒకే కాలం కట్టడానికి వీల్లేని నమూనాను 1949లో గోడెల్ చూపించాడు.

ఇంతకీ కాలం భ్రమా? కాదు. 2010లో రెండు గడియారాల మధ్య 33 సెం.మీ. ఎత్తు తేడా పెట్టి, పైది కాస్త వేగంగా నడవడాన్ని కొలిచారు. 2022 నాటికి మిల్లీమీటరు ఎత్తులో కూడా తేడా పట్టగలిగారు. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, ఎత్తు వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. నికరంగా 38 ముందుకు. అంత వ్యవధిలో కాంతి 11 కి.మీ. పైగా వెళ్లిపోతుంది. అందుకే ఆ గడియారాలను 10.23 మెగాహెర్ట్జ్‌కు బదులు 10.22999999543 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి పైకి పంపుతారు. ఇంత నిక్కచ్చిగా కొలవగలిగేదాన్ని భ్రమ అనడం అన్యాయం. పోయింది విశ్వమంతటికీ ఒకే “ఇప్పుడు”. గడియారం కొలిచే వ్యవధి ఎక్కడికీ పోలేదు.

కాలం ఒకే దిక్కుకు ఎందుకు సాగుతుందన్నది వేరే చిక్కు. దీన్ని సాపేక్షతతో కలిపేస్తే రెండూ అర్థం కావు. అణువుల స్థాయిలో నియమాలు వెనక్కి నడిపించినా చెల్లుతాయి (కొన్ని కణాల క్షయంలో 1964లో కనిపించిన స్వల్ప అసమానత ఉంది కానీ, పగిలిన గాజు అతుక్కోకపోవడానికి కారణం అది కాదు). పెట్టెలో 100 అణువులుంటే అన్నీ ఒకేసారి ఎడమ సగంలో చేరే అవకాశం సుమారు 10³⁰లో ఒకటి. అందుకే వాయువు పరుచుకుంటుంది, తనంతట తాను తిరిగి మూలకు చేరదు. వివరణ ఇంతటితో అయిపోయిందని చాలా పుస్తకాలు ఆపేస్తాయి. నిజానికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇదే లెక్కను గతం వైపు తిప్పితే, గతంలోనూ వాయువు ఇంకా పరుచుకునే ఉండాలని వస్తుంది! 1876లో లోష్మిట్ బోల్ట్‌జ్‌మన్‌కు పెట్టిన అభ్యంతరం మూలం ఇదే. దీన్నుంచి బయటపడాలంటే నియమాలు చాలవు. విశ్వం మొదట్లో ఎంట్రోపీ (అస్తవ్యస్తతకు కొలత) అసాధారణంగా తక్కువగా ఉందని ఒక వాస్తవాన్ని విడిగా చేర్చుకోవాలి. దీన్నే గత పరికల్పన అంటారు. పైన చెప్పిన మైక్రోవేవ్ వికిరణం ఆ తొలి రోజులదే, అందులో ఉష్ణోగ్రత తేడాలు లక్షలో ఒక వంతు. గురుత్వం పనిచేసే చోట అంత సమంగా పరుచుకుని ఉండడమే తక్కువ ఎంట్రోపీ, ఎందుకంటే గుంపులు కట్టడానికి అవకాశమంతా ఇంకా మిగిలే ఉంటుంది. మనకు నిన్నటి జ్ఞాపకం ఉండి రేపటి జ్ఞాపకం లేకపోవడానికి మూలం ఈ ఒక్క ఆరంభస్థితిలో ఉందంటే, కార్యకారణ సంబంధం గురించి ఎంత మళ్లీ ఆలోచించాల్సి వస్తుందో చూడండి. నా అంచనాలో, ఆధునిక భౌతికశాస్త్రం తత్వానికి ఇచ్చినవాటిలో జనం తగినంత పట్టించుకోనిది ఇదే.

ఇక క్వాంటం. “చూసేవాడే వాస్తవాన్ని సృష్టిస్తాడు” అనే మాటకు మూలం రెండు చీలికల ప్రయోగం. రెండు సన్నని చీలికలున్న అడ్డు మీదికి కణాలను పంపితే అవతలి తెర మీద చారలు ఏర్పడతాయి. కణం ఏ చీలికలోంచి వెళ్లిందో కనిపెడితే తెర మీది చారలు పోతాయి, కనిపెట్టకపోతే ఉంటాయి. “కనిపెట్టడం” అనే క్రియకు కర్తగా మనిషిని, మనిషి వెనక చైతన్యాన్ని ఊహించుకోవడంతో కథ దారి తప్పుతుంది. 2004లో వియన్నాలో చేసిన ప్రయోగం దీనికి సూటి జవాబు. 70 కార్బన్ పరమాణువులున్న బంతిలాంటి అణువులను లేజర్‌తో వేడి చేసి, చారలు ఏర్పడే పరికరంలోకి పంపారు. వేడి పెంచేకొద్దీ అణువులు దారిలో కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతి అణువు ఎక్కడుందో జాడ మోసుకుపోతుంది. వేడి పెరిగేకొద్దీ చారలు మెల్లమెల్లగా చెరిగిపోయాయి. ఆ కాంతిని ఎవరూ పట్టలేదు, చూడలేదు. అది పరికరం గోడలకు తగిలి పోయింది, అంతే. జాడ బయటి ప్రపంచంలో ఎక్కడో పడితే చాలు, చూసే కన్ను అక్కరలేదు.

ఈ చెరిగిపోవడాన్ని డీకోహెరెన్స్ అంటారు, 1970లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త జే దీనికి పునాది వేశాడు. చైతన్యవాదానికి ఇది గట్టి జవాబే కానీ, “క్వాంటం చిక్కంతా దీనితో తీరిపోయింది” అనడం ఇంకో తొందరపాటు. డీకోహెరెన్స్ తర్వాత సమీకరణంలో మిగిలేది “ఇదీ, అదీ, రెండూ, ఒకదానితో ఒకటి కలవకుండా” అనే స్థితి. మనకు కనిపించేది “ఇదో, అదో ఒక్కటే”. ఈ “ఇదీ అదీ”కీ “ఇదో అదో”కూ మధ్య ఉన్న అగాధమే మాపన (కొలత) సమస్య. దీన్ని 1995లో తత్వవేత్త టిమ్ మాడ్లిన్ చక్కగా బిగించి పెట్టాడు. ఈ మూడు మాటలు కలిసి నిలబడవు: తరంగ ప్రమేయం (క్వాంటం స్థితిని వర్ణించే గణిత రూపం) వ్యవస్థ గురించి అంతా చెబుతుంది, అది ఎప్పుడూ ష్రోడింగర్ సమీకరణం ప్రకారమే మారుతుంది, ప్రతి కొలతకూ ఒకే ఫలితం వస్తుంది.

మొదటిది వదిలితే బోమ్ 1952లో వేసిన దారి: కణాలకు ఎప్పుడూ కచ్చితమైన స్థానాలుంటాయి, తరంగం వాటిని నడిపిస్తుంది. మూడోది వదిలితే ఎవరెట్ 1957 దారి: ఫలితాలన్నీ జరుగుతాయి, వేరువేరు శాఖల్లో. రెండోది వదిలితే 1986లో గిరార్డి, రిమినీ, వెబర్ ప్రతిపాదించినది: సమీకరణాన్నే కొద్దిగా మార్చి, ఒక్కో కణం సగటున 10¹⁶ సెకన్లకు ఒకసారి, అంటే 30 కోట్ల ఏళ్లకోసారి, దానంతటదే ఒక చోట స్థిరపడుతుందని అంటారు. ఒంటరి కణానికి అది దాదాపు ఎప్పుడూ జరగనట్టే. 10²³ కణాలున్న సూచిముల్లుకు సెకనుకు కోటి సార్లు జరుగుతుంది, కాబట్టి అది రెండు చోట్ల ఉండలేదు. ఈ మూడు దారుల్లో దేనిలోనూ చైతన్యానికి ప్రత్యేక పాత్ర లేదని గమనించండి. చివరగా చెప్పిన దారి ప్రయోగానికి లొంగుతుంది కూడా: కణాలు అలా స్థిరపడేటప్పుడు అతి స్వల్పంగా వికిరణం రావాలి. ఈ కోవకే చెందిన, గురుత్వమే కణాలను స్థిరపరుస్తుందనే డియోషి, పెన్‌రోజ్‌ల ప్రతిపాదనను ఇటలీలోని గ్రాన్ సాస్సో భూగర్భ ప్రయోగశాలలో పరీక్షించారు. ఉండాల్సిన వికిరణం కనిపించలేదు, 2020లో దాని అతి సరళమైన రూపం కొట్టుకుపోయింది. తత్వవాదం అనుకున్నది లెక్కకు దొరికి ఓడిపోవడం అరుదు, అందుకే ఈ ఫలితానికి అంత విలువ.

అన్నిటికన్నా లోతైన దెబ్బ మాత్రం భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ 1964లో తీసింది. దీన్ని మాటల్లో విని వదిలేయకండి. కాగితం, కలం చాలు, గణితం ఐదో తరగతిది.

ఒక మూలం నుంచి జంటగా పుట్టిన రెండు ఫోటాన్లు చెరో దిక్కుకు పోతాయి. రెండు చివర్లా ఒక్కో పోలరైజర్ ఉంది, అంటే కాంతిని దాని కంపన దిశను బట్టి దాటనిచ్చే లేదా ఆపే జల్లెడ. దాన్ని 0, 60, 120 డిగ్రీల్లో ఏదో ఒక కోణంలో పెట్టవచ్చు. ఫోటాన్ వచ్చే ముందు ఎవరికి వారు పాచిక వేసి కోణం ఎంచుకుంటారు. ఫలితం రెండే రకాలు: దాటింది, ఆగింది. వేల జంటలతో చేసి పట్టికలు పక్కపక్కన పెడితే రెండు సంగతులు కనిపించాలని సిద్ధాంతం చెబుతుంది. ఇద్దరూ ఒకే కోణం ఎంచుకున్నప్పుడు ఫలితాలు ప్రతిసారీ ఒకటే. వేరు కోణాలు ఎంచుకున్నప్పుడు ఫలితాలు కలిసేది 60 డిగ్రీల కొసైన్ వర్గం మేరకు, అంటే నాలుగింట ఒకసారి, 25 శాతం.

మొదటి సంగతికి సహజమైన వివరణ ఏమిటి? పుట్టినప్పుడే రెండు ఫోటాన్లూ ఒకే జాబితా వెంట తీసుకెళుతున్నాయి: 0కి ఏం చేయాలి, 60కి ఏం చేయాలి, 120కి ఏం చేయాలి. మూడు కోణాలు, ఒక్కోదానికి రెండు జవాబులు, మొత్తం ఎనిమిది జాబితాలు. రాయండి. “దాటు, దాటు, దాటు”, “ఆగు, ఆగు, ఆగు” అనే రెండు జాబితాల్లో ఏ రెండు కోణాలు తీసుకున్నా జవాబులు కలుస్తాయి. మిగతా ఆరింటిలో రెండు జవాబులు ఒకటి, మూడోది వేరు. ఉదాహరణకు “దాటు, దాటు, ఆగు” తీసుకోండి: 0, 60 జతలో కలుస్తుంది, 0, 120 జతలో కలవదు, 60, 120 జతలో కలవదు. మూడింట ఒకటి. అంటే ఏ జాబితా ఎన్నిసార్లు పంపినా, ఎంత తెలివిగా కలగలిపినా, వేరు కోణాల్లో ఫలితాలు కనీసం 33.3 శాతం సార్లు కలిసి తీరాలి. ప్రకృతి 25 దగ్గర ఉంది. ముందే రాసుకున్న జాబితా లేదు. ఉండడానికి వీల్లేదు.

నిజమైన ప్రయోగశాలలో ఇంత శుభ్రంగా ఉండదు. ఒకే కోణంలో కూడా వంద శాతం కలవవు, కొన్ని ఫోటాన్లు దారిలో పోతాయి. అందుకే 1969లో క్లౌజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ లోపాలను తట్టుకునే రూపం తయారుచేశారు. జాబితాలుంటే ఒక రాశి 2 దాటకూడదు, క్వాంటం లెక్క 2√2 దాకా, అంటే సుమారు 2.83 దాకా పోతుంది. 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ తొలి ప్రయోగం చేశారు. 1982లో ఆస్పె బృందం ఫోటాన్లు దారిలో ఉండగానే కోణం మార్చింది. అయినా రెండు సందులు మిగిలాయి. ఒకటి, పుట్టిన జంటల్లో కొద్ది భాగమే పట్టుబడితే, పట్టుబడినవి మొత్తానికి సరైన నమూనా కాకపోవచ్చు. రెండు, పరికరాలు దగ్గరగా ఉంటే ఒకదాని సంగతి రెండోదానికి చేరడానికి వ్యవధి దొరకవచ్చు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రెండు సందులూ ఒకేసారి మూశారు: 1.3 కి.మీ. దూరంలో ఉన్న వజ్రాల్లోని ఎలక్ట్రాన్లు, 245 ప్రయత్నాలు, పైన చెప్పిన రాశి 2.42. కాంతికి ఆ దూరం దాటడానికి 4.3 మైక్రోసెకన్లు కావాలి, కోణం ఎంపిక, కొలత ఆ లోపే ముగిశాయి. అదే ఏడాది వియన్నాలో, బౌల్డర్‌లో ఫోటాన్లతోనూ ఇదే తేలింది. 2022 నోబెల్ బహుమతి ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు దక్కింది ఈ దారిలో చేసిన పనికే.

దీన్నుంచి ఏం తేలిందో చెప్పేటప్పుడు చాలా వ్యాసాలు కాలు జారుతాయి. “వాస్తవికత (కొలవకముందే గుణాలు ఉంటాయనడం), స్థానికత (దూరంలో చేసినది తక్షణం ఇక్కడ ప్రభావం చూపదనడం), ఈ రెంటిలో ఒకటి వదిలితే చాలు. వాస్తవికతను వదిలేద్దాం, స్థానికత దక్కుతుంది” అని రాస్తారు. పై లెక్కను మళ్లీ చూడండి. జాబితా ఉందని మనం ముందుగా నమ్మలేదు. దూరంగా ఉన్న పోలరైజర్ ప్రభావం ఇక్కడికి చేరదు, ఒకే కోణంలో ఫలితాలు ఎప్పుడూ కలుస్తాయి, ఈ రెంటి నుంచే జాబితా ఉండి తీరాలని వచ్చింది. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ చేసిన వాదన సారం అదే. కాబట్టి జాబితాను కొట్టేస్తే దెబ్బ నేరుగా స్థానికతకే తగులుతుంది, లేదా వాదనలో చెప్పకుండా వాడుకున్న మరో రెండు ఊహల్లో ఒకదానికి తగులుతుంది. ఆ రెండు: కోణాల ఎంపికకూ ఫోటాన్ల స్థితికీ ముందే లంకె లేదు, ప్రతి కొలతకూ ఒకే ఫలితం ఉంది.

బోమ్ దారిలో పోయేవారు స్థానికతను వదులుతారు, ఎంత దూరమైనా తక్షణ ప్రభావం ఒప్పుకుంటారు. సాపేక్షతతో దాన్ని పొసగించడం వారికి పెద్ద భారం. ఎవరెట్ దారి ఒకే ఫలితాన్ని వదులుతుంది. అప్పుడు “25 శాతం సంభావ్యత” అంటే అర్థమేమిటన్నది వారు తీర్చాల్సిన బాకీ, అన్నీ జరిగేచోట సంభావ్యత దేనికి? కోణాల ఎంపిక, ఫోటాన్ల స్థితి ఆదినుంచే ముడిపడి ఉన్నాయనేవారు మొదటి ఊహను వదులుతారు. 2018లో ఒక ప్రయోగంలో కోణాలను వందల కోట్ల ఏళ్లనాడు బయలుదేరిన క్వేసార్ల (సుదూర గెలాక్సీల అతి ప్రకాశవంతమైన కేంద్రాల) కాంతితో ఎంచారు. ఆ ముడి ఉందనుకుంటే అది అంతకన్నా పాతదై ఉండాలి. నా తూకంలో ఈ మూడో మూల్యం మోయలేనంత ఎక్కువ. పరీక్షించే చేతికీ పరీక్షకు గురయ్యే వస్తువుకూ లోపాయకారీ ఒప్పందం ఉందని మొదలుపెడితే ఏ ప్రయోగాన్నీ నమ్మడానికి కారణం మిగలదు. మిగతా రెంటి మధ్య తూచడం నిజాయితీగా కష్టమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ లంకెతో వార్త పంపలేం. ఒక చివర కూర్చున్నవారికి అవతల ఏ కోణం పెట్టినా తమ పట్టికలో దాటినవి సగం, ఆగినవి సగమే కనిపిస్తాయి. రెండు పట్టికలూ ఒకచోట చేరాకే సంబంధం బయటపడుతుంది, ఆ చేరవేత కాంతిని మించి పోదు. దూరచింతనకు, మనసు శక్తికి క్వాంటంలో రుజువు దొరికిందనే మాటలు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగిపోతాయి. ప్రాచీన గ్రంథాల్లోని వాక్యాలకు ఈ ఫలితాలను జతచేసేవారికీ ఇదే మాట: 33.3కూ 25కూ మధ్య తేడాను ఏ వాక్యమైతే ముందే చెప్పగలదో అదే ఈ సంగతి చెప్పినట్టు. “అన్నీ ఒకటే” అనే గొప్ప భావం దాని విలువతో అది ఉంటుంది, దానికి ఈ ఆధారం అక్కరలేదు.

నిర్ణయవాదం, స్వేచ్ఛ గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే భౌతికశాస్త్రం ఇక్కడ అనుకున్నంత ఇవ్వదు. అన్ని కణాల స్థితి తెలిస్తే భవిష్యత్తంతా లెక్కకట్టగలదని 1814లో లాప్లాస్ ఊహించిన సర్వజ్ఞ మేధస్సును క్వాంటం చంపేసిందంటారు. బోమ్ సిద్ధాంతం పూర్తిగా నిర్ణయవాదమే, అయినా ఇప్పటి ప్రయోగాలన్నిటితోనూ సరిపోతుంది. కాబట్టి ఆ తీర్పు ఇంకా రాలేదు. నిర్ణయమై ఉండడం వేరు, ముందే చెప్పగలగడం వేరు, ఇది న్యూటన్ నియమాల్లోనే తేలిపోయింది. 1989లో లాస్కర్ చేసిన లెక్కలో, భూమి స్థానంలో 15 మీటర్ల పొరపాటు కోటి ఏళ్ల తర్వాత 150 మీటర్లు, పది కోట్ల ఏళ్ల తర్వాత 15 కోట్ల కి.మీ. అవుతుంది. అంటే సూర్యుడి నుంచి మన దూరమంత. ఇక యాదృచ్ఛికత ఉన్నా అది స్వేచ్ఛ కాదు. నా మెదడులో ఒక ఎలక్ట్రాన్ కారణం లేకుండా అటు పోయినంత మాత్రాన ఆ పని నేను చేసినట్టు కాదు. స్వేచ్ఛ మీద వాదించేవారు క్వాంటాన్ని ఆయుధంగా తెచ్చుకోకపోవడమే మేలు.

వస్తువు అంటే ఏమిటన్న ప్రశ్నలో మాత్రం పాత తత్వం ఒకటి సూటిగా దెబ్బతింది. రెండు వస్తువులకు గుణాలన్నీ ఒకటే అయితే అవి రెండు కావు, ఒకటే అని లైబ్నిజ్ అన్నాడు. రెండు ఫోటాన్లను సగం కాంతిని దాటనిచ్చి సగం తిప్పికొట్టే అద్దం మీదికి చెరో వైపు నుంచి ఒకేసారి పంపండి. విడివిడి బంతులైతే సగం సార్లు చెరో దారిన బయటికి రావాలి. 1987లో హాంగ్, ఊ, మాండెల్ చేసి చూస్తే, ఫోటాన్లు అన్నివిధాలా ఒకేలా ఉండి సరిగ్గా ఒకేసారి చేరినప్పుడు చెరో దారిన రావడం దాదాపు సున్నాకు పడిపోయింది. రెండూ కలిసే ఒక దారిన వస్తాయి. రాకలో చిన్న తేడా పెడితే మళ్లీ మామూలు లెక్క తిరిగొస్తుంది. “ఇది ఏది, అది ఏది” అని అడగడానికి చోటున్నప్పుడు ఒక లెక్క, చోటు లేనప్పుడు వేరే లెక్క. రెండు అని లెక్కించవచ్చు, కానీ ఒకటోది ఏది, రెండోది ఏది అని అడగలేం. గుణాలు తీసేస్తే అడుగున “అదే వస్తువు” అని చెప్పదగినదేదో మిగులుతుందనే నమ్మకానికి ఇక్కడ నిలువ నీడ లేదు.

ఇప్పుడు అందరి చూపూ ఉన్న చోటు ఒకటుంది. దేశకాలమే రెండు స్థితుల్లో ఒకేసారి ఉండగలదా? ఉంటే, పైన ఆండ్రోమెడా దగ్గర అడిగిన “ఎవరి వర్తమానం” ప్రశ్నను మొదటినుంచి మళ్లీ రాసుకోవాలి. 2017లో రెండు బృందాలు దీనికి ప్రయోగం ప్రతిపాదించాయి. అందులో ఒకదాని లెక్క ప్రకారం చెరి 10⁻¹⁴ కిలోల బరువున్న రెండు రేణువులను, ఒక్కొక్కటీ రెండు చోట్ల ఉన్న స్థితిలో, కొన్ని వందల మైక్రోమీటర్ల దూరంలో ఉంచాలి. వాటి మధ్య గురుత్వం తప్ప మరే బలమూ పనిచేయకూడదు. అప్పుడు వాటి ఫలితాల్లో బెల్ తరహా లంకె కనిపిస్తే, ఆ లంకెను మోసిన గురుత్వం కూడా క్వాంటం స్వభావం గలదే అవుతుంది. 2019లో వియన్నాలో చారలు చూపించిన అతి బరువైన అణువుల్లో సుమారు 2,000 పరమాణువులున్నాయి, బరువు హైడ్రోజన్ పరమాణువుకు 25,000 రెట్లు. దానికీ ఈ రేణువుకూ మధ్య 20 కోట్ల రెట్లకు పైగా తేడా ఉంది. దారిలో తగిలే ఒక్క గాలి అణువు, రేణువు మీద మిగిలిపోయిన ఒక్క విద్యుదావేశం చాలు జాడ బయటపెట్టి చారలను చెరిపేయడానికి. ఆ దూరం తరగడానికి ఎన్నేళ్లు పడుతుందో కానీ, జవాబు వచ్చేది అక్కడినుంచే.